యూపీఎస్ శబ్దం నుంచి స్తంభం మీది న్యూట్రల్ దాకా: నా అనుభవం

పాలకొల్లుకూ నరసాపురానికీ మధ్య ఉన్న మా ఊళ్లో కరెంటు పోవడం వల్ల జరిగే నష్టం కంటే, కరెంటు ఉండి కూడా సరిగా లేకపోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. పోతే పోయిందని అందరికీ తెలుస్తుంది. ఫోన్లు చేస్తారు, ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. ఉన్న కరెంటు గాడి తప్పితే మాత్రం ఇంట్లో ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క సాకుతో పాడవుతుంది. ఫ్రిజ్ పాడైతే ఫ్రిజ్ పాతదంటారు, మోటారు కాలితే వైండింగు నాసిరకమంటారు, యూపీఎస్ ఆగితే బ్యాటరీ పోయిందంటారు. మా ఇంట్లో వంతు యూపీఎస్‌తో మొదలైంది.

నేను ఇంటి ముందుగదిలో కూర్చుని చుట్టుపక్కల రొయ్యల మేత డీలర్లకూ, ఒక రైసు మిల్లుకూ లెక్కలు చూస్తాను, వాళ్ల జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తాను. నెలలో 11వ తేదీ, 20వ తేదీ దగ్గర పడితే రాత్రీ పగలూ కంప్యూటరు ముందే ఉండవలసి వస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీలో పద్దు ఎక్కిస్తుండగా యంత్రం ఒక్కసారిగా ఆగిపోతే డేటా చెడిపోయే ప్రమాదం ఉంది కనుక 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ (ఓల్టేజి హెచ్చుతగ్గులను కొంతవరకు తనే సరిచేసే) యూపీఎస్ ఒకటి పెట్టుకున్నాను. ఈ తరహా యూపీఎస్‌లో సాధారణంగా 12 ఓల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. 600 వీఏ అని రాసి ఉన్నా అది మోయగలిగేది 360 వాట్లే. నా డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 120 వాట్ల ప్రాంతంలో తీసుకుంటాయి. లెక్క ప్రకారం బ్యాటరీలో 84 వాట్-అవర్లు ఉండాలి గాని, ఆ 7 ఆంపియర్-అవర్ల లెక్క ఇరవై గంటలపాటు నెమ్మదిగా వాడుకున్నప్పటిది. పది పన్నెండు ఆంపియర్లు ఒక్కసారే లాగితే అందులో సగానికి అటూ ఇటూగా మాత్రమే చేతికొస్తుంది. ఇన్వర్టరు భాగంలో పోయేది పోగా, కొత్త బ్యాటరీ మీద నాకు పావుగంటకు కాస్త పైన దొరికేది. దాఖలు చేస్తున్న రిటర్నును సేవ్ చేసి కంప్యూటరును ఆపడానికి అది చాలు.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోగానే కంప్యూటరు కూడా దాంతోపాటే పోయింది. పావుగంట మాట అటుంచి క్షణం కూడా నిలవలేదు. బ్యాటరీ కొని ఏడాది దాటి ఎంతో కాలం కాలేదు. టౌనులో కంప్యూటర్లు బాగు చేసే కుర్రాడు ఫోనులోనే తీర్పు చెప్పేశాడు: "బ్యాటరీ పోయిందండి, మరేం లేదండి, కొత్తది వేసేద్దామండి." అతను చెప్పినది అబద్ధం కాదు. అయితే మా వేడికి ఇలాంటి బ్యాటరీ రెండు మూడేళ్లు రావాలి. ఏడాదికే ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ ఏడాదికే పోతుంది.

యూపీఎస్‌ను ప్లగ్గు నుంచి తీసి, స్విచ్ ఆపి, మూత విప్పి చూస్తే బ్యాటరీ రెండు పక్కలా ఉబ్బి, పెట్టెలోంచి బయటికి రావడానికే మొరాయించింది. టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టి ఓల్టేజి చూస్తే 12.6 ఉంది. ఈ ఒక్క అంకె చూసి బ్యాటరీ బాగానే ఉందనుకునేవారు చాలామంది ఉంటారు. బరువు పడనప్పుడు చూపే ఓల్టేజి బ్యాటరీ సత్తా గురించి ఏమీ చెప్పదు. అందుకని మోటారు మెకానిక్ దగ్గర 12 ఓల్టుల 55 వాట్ల హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చి, దాని తీగలను టెర్మినళ్లకు తగిలించాను. బల్బు వెలగగానే మీటరు 11 కిందికి జారింది, చూస్తుండగానే 10.5 దాటి ఇంకా కిందికి పోయింది, వెలుగు తెల్లదనం నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు దిగింది. బాగున్న బ్యాటరీ అయితే అయిదు ఆంపియర్లకు కొంచెమంటే కొంచెం దిగి, 12 దగ్గర నిలదొక్కుకోవాలి. ఛార్జరు ఎక్కువ ఓల్టేజి పోసి బ్యాటరీని ఉడకబెట్టిందేమోనని అదీ చూశాను. అది 13.7 ఇస్తోంది, 13.5 నుంచి 13.8 దాకా ఉండవలసినదే కనుక ఛార్జరు మీద నింద వేయడానికి లేదు. మిగిలినవి రెండు: ఒకటి వేడి, రెండోది బ్యాటరీ పదే పదే పనిలోకి దిగడం. వేడి సంగతి తేలికగానే తేలింది. పడమటి కిటికీ పక్కన, కాగితాల కట్టల మధ్య యూపీఎస్ ఉండేది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి బ్యాటరీ ఆయువు సుమారుగా సగానికి పడిపోతుంది. యూపీఎస్‌ను అక్కడి నుంచి తీసి గోడ నీడకు మార్చాను. రెండోది తేలడానికి మాత్రం చాలా కాలం పట్టింది, అసలు కథ కూడా అక్కడే ఉంది.

యూపీఎస్ రెండు రకాల శబ్దాలు చేస్తుంది. వచ్చే ఓల్టేజి తగ్గినా, పెరిగినా లోపలి రిలే (తనంతట తానే మారే స్విచ్) ఒకటి 'టిక్' మని కొట్టుకుని, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా దాన్ని కొంత పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఇందులో బ్యాటరీ ప్రమేయం లేదు. ఓల్టేజి దాని హద్దులు దాటితే, అంటే నా దాని లేబులు ప్రకారం 140కి తగ్గినా 290కి పెరిగినా, టిక్కుతో పాటు 'బీప్' కూడా వస్తుంది; అప్పుడు భారం బ్యాటరీ మీద పడుతుంది. ఇంట్లో అందరికీ ఇది ఒకటే గోలగా వినిపించేది. ఒక పాత డైరీ తీసుకుని ఏ శబ్దం ఎప్పుడు వచ్చిందో, ఆ సమయంలో ఇంట్లో ఏమి నడుస్తోందో రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఆ పేజీల్లో రెండు వేర్వేరు జబ్బులు కనిపించాయి.

మొదటిది తెల్లవారుజామున వచ్చేది. నాలుగు గంటల వేళ టిక్కుమని కొట్టుకుని, బీప్ లేకుండా, పొద్దెక్కేదాకా పెంచే స్థితిలోనే ఉండిపోయేది. దీనికి కారణం ఊహించడం మా ప్రాంతంలో కష్టం కాదు. ఊరి చుట్టూ వనామీ రొయ్యల చెరువులు. రాత్రిపూట ఎండ ఉండదు కనుక నీటిలోని నాచు ప్రాణవాయువు ఇవ్వడం మానేసి తానే వాడుకుంటుంది. తెల్లవారేసరికి నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) ఆపితే రొయ్యలు నీటి పైకి తేలిపోతాయి. అందువల్ల మనుషులు నిద్రపోయే సమయంలో మా ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు లైను మీద భారం పెరుగుతుంది. ఆ మోటార్లలో చాలావాటికి కెపాసిటర్లు లేకపోవడం వల్ల అవి చేసే పనికి మించిన కరెంటు లైన్లలో ప్రవహించి, ఓల్టేజిని ఇంకా దిగలాగుతుంది.

రెండో జబ్బు పగటిది. ఇది విచిత్రంగా ఉండేది. పెరట్లో బోరు మోటారు వేసిన క్షణంలో టిక్కు, బీపు రెండూ వచ్చి, యూపీఎస్ ఒక్క సెకను బ్యాటరీ మీదికి వెళ్లి తిరిగి వచ్చేది. ఆ తర్వాత మోటారు నడిచినంతసేపూ ఓల్టేజిని తగ్గించే స్థితిలో ఉండేది. మోటారు వేస్తే ఓల్టేజి తగ్గాలి గాని పెరగడమేమిటి? ఈ మాటకు సాక్ష్యం మా అమ్మ నుంచి వచ్చింది. "ఏరా, మోటారు వేస్తే దేవుడి గదిలో జీరో బల్బు వెలుగు పెరుగుతోందేంట్రా?" అని అడిగింది. మిగిలిన గదుల్లోవన్నీ ఎల్‌ఈడీ బల్బులు. ఓల్టేజి 200 అయినా 250 అయినా ఒకే వెలుగు ఇచ్చేలా వాటి లోపలి సర్క్యూట్ సరిచేసుకుంటుంది కనుక అవి ఈ జబ్బును కప్పిపుచ్చాయి. దేవుడి గదిలోని పాతకాలపు ఫిలమెంటు బల్బుకు ఆ తెలివి లేదు.

మాది త్రీ ఫేజు సర్వీసు. ముందుగది, దేవుడి గది ఆర్ ఫేజు మీద, వంటగది వై ఫేజు మీద, పెరటి మోటారు బి ఫేజు మీద ఉన్నాయి. మూడు ఫేజులకూ న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఒకటే. ఆ న్యూట్రల్ గట్టిగా ఉన్నంతకాలం ప్రతి ఫేజుకూ దానికీ మధ్య 230 ఓల్టుల చుట్టూ నిలుస్తుంది. ఎక్కడో జాయింటు వదులైతే, మోటారు లాగే కరెంటు ఆ వదులు జాయింటు గుండా తిరిగి వెళ్లలేక, న్యూట్రల్‌ను తన స్థానం నుంచి బి ఫేజు వైపుకు జరుపుతుంది. మూడు గుంజలకు మూడు తాళ్లతో కట్టిన పెయ్యను మధ్యలో నిలబెట్టి ఒక గుంజ వైపు లాగితే, ఆ తాడు పొట్టిదై మిగతా రెండూ సాగినట్టు, బి ఫేజులో ఓల్టేజి తగ్గి, ఆర్, వై ఫేజుల్లో పెరుగుతుంది. మోటారు స్టార్టయ్యే క్షణంలో అది నడిచేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఆ క్షణంలో ఈ జరుగుడు మరీ ఎక్కువై, నా యూపీఎస్‌కు 290 హద్దు దాటి ఉంటుంది. ఇది అప్పటికి నా అనుమానమే. రుజువు కావాలంటే కొలవాలి.

ప్లగ్గుల దగ్గర కొలతలు నేనే తీసుకున్నాను. మోటారు ఆపి ఉన్నప్పుడు ఆర్‌లో 234, వైలో 231, బిలో 229. మోటారు నడుస్తుండగా ఆర్‌లో 246, వైలో 243, బిలో 205. అంతకంటే ముఖ్యమైన కొలత మరొకటి ఉంది. ప్లగ్గులోని న్యూట్రల్ రంధ్రానికీ, ఎర్తు రంధ్రానికీ మధ్య మోటారు లేనప్పుడు దాదాపు ఏమీ లేదు. మోటారు వేస్తే 25 ఓల్టులు. మామూలుగా అక్కడ ఒకటి రెండు ఓల్టులకు మించి ఉండకూడదు. ఒక్క మోటారు వేయగానే అంత వచ్చిందంటే న్యూట్రల్ దారిలో అడ్డు ఉందన్నమాట. ఫేజుకూ ఫేజుకూ మధ్య కొలవడం మాత్రం నేను చేయలేదు. మెయిన్ బోర్డు మూత తీసి 400 ఓల్టుల మధ్య చేతులు పెట్టడం అలవాటు లేనివాళ్ల పని కాదు. మా ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచాడు. మోటారు వేసినా ఆపినా ఫేజుల మధ్య 398 నుంచి 401 లోపే, నిలకడగా ఉంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చేది సరిగానే ఉండి, న్యూట్రల్ ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోందని ఆ కొలతతో తేలిపోయింది.

అతను పనివాడే, చేతి నైపుణ్యానికి వంక పెట్టలేం. కానీ అతను చెప్పిన మందు విని నాకు గుండె ఝల్లుమంది. "న్యూట్రల్‌కి బలం లేదండి. ఇక్కడే బోర్డులో ఎర్తుకి కలిపేస్తే సరిపోద్దండి, మన నేలలో తేమకి ఎర్తు బెమ్మాండంగా ఉంటదండి" అన్నాడు. చుట్టుపక్కల చాలా ఇళ్లలో అలాగే చేశారని కూడా చెప్పాడు. అలా కలిపితే ఓల్టేజి నిజంగానే కొంత నిలబడుతుంది. అందుకే ఈ చిట్కాకు అంత పేరు. కానీ అప్పుడు ఇంటి ఎర్తు వైరు న్యూట్రల్ అయిపోతుంది. స్తంభం మీది న్యూట్రల్ పూర్తిగా తెగిన రోజున ఇంటి భారమంతా ఎర్తు గొయ్యి గుండా పోవాలి, ఆ గొయ్యి ఆ కరెంటును మోయలేనప్పుడు ఫ్రిజ్ తలుపుకూ, గ్రైండరు గిన్నెకూ, వాషింగ్ మెషీను ఒంటికీ ఓల్టేజి ఎక్కుతుంది. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరిగే వంటింట్లో దానికి ఎంత అర్థమో చెప్పనక్కరలేదు. పైగా మా నేలలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంది. గొట్టం తుప్పు పట్టి ఎర్తు నేలలోనే తెగిపోయిన ఇళ్లు ఎన్నో చూశాను. వద్దన్నాను. అతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు గాని, కరెంటు మీటరు దగ్గరి నుంచి మెయిన్ దాకా న్యూట్రల్ స్క్రూలన్నీ బిగించి, పాత కటౌట్లో (ఫ్యూజు గిన్నెలో) న్యూట్రల్‌కు ఉన్న ఫ్యూజు తీగను తీసేసి రాగి లింకు వేశాడు. న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండకూడదు. అది కాలితే ఫేజులు కాలకుండా న్యూట్రల్ ఒక్కటే పోతుంది, అంతకంటే ప్రమాదం లేదు. ఈ పని తర్వాత 25 ఓల్టులు 21 అయింది. అంటే మిగతా లోపం మీటరుకు అవతల, సర్వీసు వైరులోనో స్తంభం మీదో ఉంది.

అక్కడి నుంచి పని విద్యుత్ శాఖవారిది. 1912కు ఫోను చేసి ఫిర్యాదు రాయించాను. లైన్‌మన్ వచ్చాడు, నియాను టెస్టరు పెట్టి చూశాడు, మూడు ఫేజుల్లోనూ వెలిగింది. "మూడు ఫేజులూ వస్తున్నాయండి, సప్లై బాగానే ఉందండి" అని చెప్పి వెళ్లిపోయాడు. టెస్టరు ఫేజు ఉందో లేదో చెబుతుంది గాని, న్యూట్రల్ ఎంత గట్టిగా ఉందో చెప్పలేదు. అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. పది ఊళ్లకు ఒక్కడుగా తిరిగే మనిషి మెలిక ఉన్న ఫిర్యాదు మీద ఎంతసేపు నిలబడతాడు? నేను కొలతలన్నీ ఒక కాగితం మీద రాశాను: ఏ ఫేజులో మోటారుతో ఎంత, మోటారు లేకుండా ఎంత, ఫేజుల మధ్య ఎంత, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఎంత. ఆ కాగితం పట్టుకుని సెక్షను ఆఫీసుకు వెళ్లి అక్కడి అసిస్టెంట్ ఇంజనీరు ఏఈగారికి ఇచ్చాను. ఆయన చివరి వరుస చదివి, "న్యూట్రల్ లూజండి, దీన్ని ఇలా వదిలేయకూడదు" అని వెంటనే మనిషిని పురమాయించారు. ఇంత త్వరగా కదలడానికి కారణం ఉంది. న్యూట్రల్ పూర్తిగా తెగితే తక్కువ వాడకం ఉన్న ఫేజులోని వస్తువుల మీద 230కి బదులు 400కు దగ్గరగా ఓల్టేజి పడవచ్చు. వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు ఒక్కసారిగా కాలిపోయాయని విన్నప్పుడు చాలాసార్లు దాని వెనుక ఉండేది ఇదే.

ఈసారి అదే లైన్‌మన్ నిచ్చెనతో, ఇంకొక మనిషితో వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు తీయించి, లైనులో కరెంటు లేదని చూసుకున్న తర్వాతే స్తంభం ఎక్కాడు. మా సర్వీసు వైరులోని అల్యూమినియం న్యూట్రల్ తీగను, ఎప్పుడో ఎవరో, లైను మీది తీగకు చేత్తో నాలుగు చుట్లు చుట్టి వదిలేశారు. అతను ఆ ముక్కను కోసి కిందికి పడేశాడు. తీసి చూస్తే చుట్ల లోపలి వైపంతా తెల్లటి పొడి పట్టి, ఒకచోట తీగ సన్నబడి నల్లగా మాడి ఉంది. చుట్టుపక్కల ఇన్సులేషను కరిగి పెళుసెక్కి, గోటితో గీకితే రాలిపోతోంది. అల్యూమినియానికి గాలి తగలగానే ఒక పొర పడుతుంది, ఆ పొర గుండా కరెంటు పారదు. గట్టిగా నొక్కి పట్టే క్లాంపు ఉంటే ఆ పొర చితికి లోహానికి లోహం తగులుతుంది. చేతి చుట్టుకు ఆ ఒత్తిడి ఎక్కడిది? దానికి తోడు సముద్రం ఎంతో దూరంలో లేని మా ఊరి ఉప్పుగాలి, కొబ్బరి మట్టలు తగిలి తీగ ఊగడం. లైన్‌మన్ తీగను బ్రష్షుతో తెల్లగా వచ్చేదాకా రుద్ది, రెండు తీగలనూ కలిపి నొక్కి పట్టే పీజీ క్లాంపు వేసి రెండు బోల్టులూ బిగించాడు. "ఇదిగోనండి మీ రోగం" అని నవ్వుతూ ఆ మాడిన ముక్క నా చేతిలో పెట్టాడు. అదే స్తంభం మీద మరో రెండిళ్ల తీగలు కూడా అలాగే చుట్టి ఉన్నాయి. అడగకముందే వాటికీ క్లాంపులు వేశాడు. ఆ ఇళ్లలో ఒకటి మా పిన్నిగారిది. వాళ్ల ఫ్రిజ్ స్టెబిలైజరు అంతకు ముందే కాలి, కొత్తది కొన్నారు.

కరెంటు ఇచ్చాక మోటారు వేసి కొలిస్తే ఆర్‌లో 233, వైలో 231, బిలో 226, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటిన్నర ఓల్టు. యూపీఎస్ ఉలకలేదు, పలకలేదు.

కొత్త బ్యాటరీ కొన్నది ఆ తర్వాతే. అందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఇలాంటి బ్యాటరీ కొట్లో అటక మీద నెలల తరబడి ఛార్జింగు లేకుండా ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, కొత్తదిగా ఉండగానే ముసలిదవుతుంది. మీటరు వెంట తీసుకెళ్లి, తయారీ తేదీ చూసి, 12.7కు తగ్గకుండా చూపించినదాన్నే తీసుకున్నాను. కొట్టువాడు వింతగా చూశాడు గాని ఏమీ అనలేదు. పాతది అక్కడే ఇచ్చేశాను. సీసం ఉన్న వస్తువు పాత ఇనుప సామాన్ల బండికి వేయదగినది కాదు.

కొత్త బ్యాటరీ బిగించాక వచ్చిన ఒక తికమకను కూడా రాయాలి. యూపీఎస్‌ను ప్లగ్గు నుంచి తీసి, బ్యాటరీ మీద నడుస్తుండగా దాని అవుట్‌పుట్టు కొలిస్తే నా మీటరు 170 దాటి చూపలేదు. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టరు బోర్డు కూడా పోయిందన్నాడు. అయితే ఈ ధరలో దొరికే యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే తరంగం. మామూలు మీటర్లు సైన్ వేవ్‌కు సరిపడే లెక్కతోనే అంకె చూపుతాయి కనుక మెట్ల తరంగానికి తక్కువ చూపుతాయి. పాలిటెక్నిక్‌లో పనిచేసే బంధువు దగ్గర ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరు, అంటే ఏ ఆకారపు తరంగాన్నయినా సరిగా కొలిచేది, తెచ్చి పెడితే 221 చూపింది. బోర్డుకు ఏమీ కాలేదు. కంప్యూటరు కరెంటు లేకుండా పదహారు నిమిషాలు నడిచింది.

ఇంటి ఇన్వర్టరుతో ఉన్న పేచీని కూడా అదే ఊపులో పరిష్కరించుకున్నాను. మాకు హాల్లో ఫ్యాన్లకూ లైట్లకూ 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీతో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఒకటి ఉంది. కరెంటు పోతే అది ఇచ్చే తరంగాన్ని యూపీఎస్ సరైన సప్లైగా ఒప్పుకోదు. హాల్లో ఇన్వర్టరు హాయిగా నడుస్తుండగా ముందుగదిలో యూపీఎస్ బీప్ బీప్ మంటూ తన చిన్న బ్యాటరీని తోడేసుకునేది. ఇన్వర్టరు వెనుక వైపు మోడ్ స్విచ్ మార్చినా ఫలితం లేకపోయింది. ఆ స్విచ్ మార్చేది ఏ ఓల్టేజి దగ్గర, ఎంత వేగంగా బ్యాటరీ మీదికి మారాలో మాత్రమే, తరంగం ఆకారాన్ని కాదు. సైన్ వేవ్ ఇన్వర్టరుకు మార్చాక రెండూ సఖ్యంగా ఉన్నాయి. లేజర్ ప్రింటరు మాత్రం ఎప్పుడూ యూపీఎస్‌కు తగిలించను. ప్రింటు వేసే ముందు దాని వేడి రోలరు లాగే వాట్లు 360కి ఎంతో పైన ఉంటాయి.

ఇక మిగిలింది తెల్లవారుజాము జబ్బు. దీనికి మా న్యూట్రల్‌తో సంబంధం లేదని అదే మీటరు చెప్పింది. నాలుగున్నర వేళ ఆర్‌లో 172, వైలో 184, బిలో 190. మూడూ కలిసికట్టుగా పడ్డాయి, ఎర్తుకూ న్యూట్రల్‌కూ మధ్య చెప్పుకోదగినదేమీ లేదు. నిబంధనల ప్రకారం లో టెన్షన్ సర్వీసులకు ఓల్టేజి 6 శాతం కంటే ఎక్కువ తేడా పడకూడదు, అంటే 216కు తగ్గకూడదు. వారం పొడుగునా తీసుకున్న కొలతలు రాసి, పక్కింటివాళ్ల సంతకాలతో అర్జీ పెట్టాం. శాఖవారు టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే సాధనంతో) ఆ వేళకే వచ్చి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర చూశారు. అది 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. ఒక్కో ఫేజుకు సుమారు 84 ఆంపియర్లు దాని హద్దు. ఆర్ ఫేజులో 96, వైలో 71, బిలో 58 ఉన్నాయి. ఆ ఫేజుల మధ్య తేడాకు ఏరియేటర్లను నిందించలేం. వాటి మోటార్లు మూడు ఫేజుల మీదా సమానంగా నడుస్తాయి. ఇళ్ల సర్వీసులు ఎవరికి తోచిన ఫేజుకు వారు తగిలించడంతో ఆర్ మీద గుంపు పెరిగిపోయింది. వీధి చివరి కొన్ని సర్వీసులను ఆర్ నుంచి బికి మార్చారు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరుకు ఎస్టిమేటు పైకి పంపారు. చెరువుల రైతుల్లో ఇద్దరు తమ స్టార్టర్ల దగ్గర కెపాసిటర్లు పెట్టించారు. మిగతావాళ్లు పంట పట్టాక చూద్దామన్నారు.

ఇప్పుడు తెల్లవారుజామున ఆర్ ఫేజు 195కు తగ్గడం లేదు. ఆ వేళకు యూపీఎస్ ఒకసారి టిక్కుమని పెంచే స్థితిలోకి వెళ్లి, ఆరున్నర ప్రాంతంలో మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. బ్యాటరీ జోలికి మాత్రం పోవడం లేదు. ఎస్టిమేటు మంజూరు కావలసి ఉంది. ఈలోగా ఎండలు ముదరకముందే మా ఎర్తు గొయ్యి తవ్వించి, రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం కొత్తది వేయించాలి. పాతదాని పైకొన పట్టుకుంటే చేతిలోకి రేకులుగా ఊడి వచ్చింది.